బీరువాల వెనక గోడ

సున్నం పెట్టే ముందు ఇటుకని తడపాలి. తడపకపోతే పొడి ఇటుక సున్నంలోని నీళ్ళన్నీ తాగేసి, పెట్టిన సున్నం నెల తిరక్కుండానే పొడై రాలిపోతుంది. ఈ ఉదయం సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో ఒక పాత ఇంటి దగ్గర మేస్త్రీ గొట్టం పట్టుకుని గోడ మీద నీళ్ళు కొడుతుంటే, ఎండకి కాగిన ఎర్ర ఇటుకల్లోంచి గుప్పున ఆ వాసన లేచింది. ఇంటావిడ బయటికొచ్చి, కళ్ళు మూసుకుని, ఎంత బాగుందో అంది. ఎవరికైనా బాగానే ఉంటుంది. నాకు మాత్రం తడి ఇటుక వాసన తగిలితే ఇప్పటికీ చెయ్యి తనంతట తానే బ్యాగులో ఫోన్ కోసం వెతుకుతుంది. తొమ్మిదేళ్ళ కిందట ఒక శనివారం మధ్యాహ్నం, బెంగాల్లోని బిష్ణుపూర్ అనే ఊళ్ళో, ఇదే వాసన మధ్య నిలబడి సిడ్నీకి ఫోన్ మీద ఫోన్ చేశాను. నా పక్కన ఉన్నది నరసింహం అంకుల్. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. ఆయన గురించి చెప్పాలంటే ఆ శనివారం గురించి చెప్పాలి, అది చెప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చింది అందుకే.

ఆయనది రాజమండ్రి. చాలా ఏళ్ళ కిందట సిడ్నీ వచ్చి, టూంగాబీలో ఇల్లు కట్టుకుని, పాత ఇటుక కట్టడాలని పరీక్షించి అవి నిలుస్తాయో లేదో రాసిచ్చే ఇంజనీరుగా స్థిరపడ్డారు. నేను ఏలూరు నుంచి వచ్చి యూనివర్సిటీలో మాస్టర్స్ పూర్తిచేసి, పని దొరక్క దిక్కులు చూస్తున్నప్పుడు నన్ను తన దగ్గర చేర్చుకున్నారు. ఆఫీసంటే ఆయన ఇంటి ముందుగదే. మొదటిరోజు నేను సర్ అనగానే నవ్వేశారు. "సర్ ఏమిటమ్మాయ్, పోలీస్ స్టేషన్‌కొచ్చావా? అంకుల్ అను. ఇక్కడ అందరూ అదే అంటారు." ఆయన దగ్గర రకరకాల యంత్రాలుండేవి, కానీ వాటన్నిటికన్నా ముందు వాడేది వేలి కణుపు. తలుపు తట్టినట్టు గోడని తడతారు. ఖంగుమంటే లోపల గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే ఎక్కడో విడిపోయినట్టు. ఆయన భార్యని నేను ఆంటీ అనేదాన్ని. ఆవిడ టీ ఇస్తూ ఒకసారి అంది, "పెళ్ళిచూపులకొచ్చి ఈయన నా మొహం చూడలేదమ్మా. మా సావిట్లో గోడ తట్టి, దీనికి చెమ్మ పట్టిందండీ అని మా నాన్నతో చెప్పాడు." అంకుల్ తల కూడా ఎత్తకుండా, "పట్టింది మరి" అన్నారు.

ఆయన రాసే ప్రతి రిపోర్టుకీ ఆఖర్న ఒక పేజీ ఉండేది. ఇంగ్లీషులో ఏదో పొడుగాటి శీర్షిక, మా ఇద్దరి మధ్య మాత్రం దాని పేరు ‘చూడనివి’. మేము ఏమేం చూడలేకపోయామో, ఎందుకు చూడలేకపోయామో అందులో రాయాలి. వేరే ఇంజనీర్లు ఇలాంటివి చిన్న అక్షరాల్లో ఎక్కడో ఇరికిస్తారు. ఈయన పేజీ నిండా, పెద్ద అక్షరాల్లో పెట్టించేవారు. పని ఇచ్చినవాళ్ళకి ఆ పేజీ అంటే ఒళ్ళుమంట. నా మొదటి రిపోర్టులో దాన్ని ఖాళీగా వదిలేశాను. కాగితాలు నా బల్ల మీద తిరిగి పెట్టి, "ఏమ్మా, అన్నీ చూసేశావా? నువ్వు దేవుడివా?" అన్నారు. చిన్న షెడ్డే కదా అంకుల్ అన్నాను. పునాది తవ్వి చూశావా అని అడిగారు, లేదన్నాను. కప్పు కింద దూరావా అన్నారు, లేదన్నాను. "మరి రాయి. చూసినవి రాయడానికి చదువుంటే చాలు. చూడనివి రాయడానికి సిగ్గు విడిచిపెట్టాలి." ఆ రోజు నాకు చిర్రెత్తుకొచ్చింది. షెడ్డుకి కూడా ఇంత రామాయణమా అనుకున్నాను.

ఇక హాలు సంగతి. మా తెలుగువాళ్ళ సంఘం ఆదివారాలు పిల్లలకి తెలుగు బడి నడిపే పాత ఇటుక హాలది. ఏడాది చివర్న పిల్లలతో ఆటలూ పాటలూ పెట్టి పెద్ద ఫంక్షన్ చేస్తారు. ఆ ఏడు హాలు భద్రమేనని ఇంజనీరు రాసిచ్చిన కాగితం కావాల్సొచ్చింది. సంఘం అధ్యక్షుడు మోహన్ గారు, ఐటీ మనిషి, రోజుకి రెండుసార్లు ఫోన్. నాకేమో గురువారం ఇండియా ప్రయాణం. బుధవారం వెళ్ళి మూడు గోడలు కణుపు నొప్పిపుట్టేలా తట్టాను. నాలుగోది స్టేజి వెనక గోడ. దానికి ఆనించి నాలుగు ఇనప బీరువాలు, వాటి నిండా నాటకాల బట్టలూ, కిరీటాలూ. జరపాలంటే నలుగురు మనుషులు కావాలి. రెండు బీరువాల సందులోకి ఫోన్ లైటు వేసి చూశాను. కింద, నేలకి దగ్గరగా, ఒక తడి మచ్చ. ఇంటికెళ్ళి రాసేటప్పుడు, మిగతా మూడూ బాగున్నాయి కాబట్టి ఇదీ బాగానే ఉంటుందిలే అనుకున్నాను. ఆఖరి పేజీలో ‘ఏమీ లేవు’ అని రాశాను. ఆ గోడ గురించి రాస్తే మోహన్ గారు మళ్ళీ ఫోన్ చేస్తారు, బీరువాలు జరిపించాలి, నా ప్రయాణం ఆగిపోతుంది. కారణం అంతే. ఇంతకన్నా గొప్ప కారణం వెతుక్కుందామని ఎన్నోసార్లు చూశాను, దొరకలేదు. రాత్రి అంకుల్ ఫోన్ చేసి, "ఆఖరి పేజీ రాశావా అమ్మా?" అన్నారు. రాశానంకుల్ అన్నాను. "అయితే పంపు, సంతకం పెడతాను." ఇద్దరి సంతకాలతో రిపోర్టు వెళ్ళిపోయింది.

బిష్ణుపూర్ ప్రయాణం ఆయన కోరిక. నేను ఏలూరులో చెల్లెలి పెళ్ళికి వెళ్తున్నానని తెలిసి, ముందు నాలుగురోజులు తన వెంట రమ్మని అడిగారు. జీవితమంతా ఇటుకలతో గడిపి ఆ ఊరు చూడకపోతే ఎలా అమ్మాయ్ అన్నారు. ఆంటీకి మోకాళ్ళ నొప్పులు, రాలేనంది. "ఆ ఇటుకల మనిషిని జాగ్రత్తగా పట్టుకురా" అని నాకు అప్పగించింది. కలకత్తాలో దిగి రైలెక్కాం. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికెళ్ళడం అంటారే, అదే నా పరిస్థితి. కిటికీలోంచి పొలాలు వెళ్ళిపోతుంటే నాకు ఆ తడి మచ్చే కనబడుతోంది. ఫోన్ తీసి సిడ్నీ వాతావరణం చూశాను. శనివారం రాత్రి ఉరుములూ భారీ వానా అని ఉంది. మళ్ళీ పది నిమిషాలకి చూశాను, అదే ఉంది. అంకుల్ ఎదురుగా కూర్చుని, ఆ ప్రాంతంలో కొండరాయి దొరకదనీ, అందుకే అక్కడి మల్ల రాజులు మట్టి పలకల మీద బొమ్మలు దిద్ది, కాల్చి, వాటితోనే గుళ్ళు కట్టించారనీ చెబుతున్నారు. "రాయి లేదని ఏడుస్తూ కూర్చోలేదు చూడు" అన్నారు. నేను చూశాను, ఫోన్ వంక.

శనివారం పొద్దున్నే గుళ్ళకి బయల్దేరాం. జోర్‌బంగ్లా అనే గుడి ముందు ఆగాం. రెండు పూరిళ్ళని పక్కపక్కన ఆనించి నిలబెట్టినట్టుంది. కానీ గడ్డి లేదు, మట్టిగోడ లేదు, నేల నుంచి చూరు దాకా అంతా కాల్చిన ఎర్రమట్టి, జానెడు చోటు వదలకుండా బొమ్మలు. అంకుల్ చెయ్యి అలవాటుగా కణుపు ముడుచుకుని లేచింది. కాపలావాడు ఈల వేశాడు, ముట్టుకోకూడదు. ఆయన చేతులు వీపు వెనక కట్టుకుని, "సరే, తట్టనివ్వడం లేదు. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. నేను సరిచూస్తాను" అన్నారు. నాకు పరీక్ష పెడుతున్నారనుకున్నాను. పడవలో సిపాయిలున్నారు అంకుల్, తుపాకులు పట్టుకున్నారు అన్నాను. "ఎంతమంది?" లెక్కపెట్టి చెప్పాను. "దాని పక్కన?" వేట, ఒక జింక వెనక్కి తిరిగి చూస్తోంది. "దాని పక్కన?" హంసలు, వరసగా. "దాని పక్కన?" ఏదో విరిగిపోయింది అంకుల్, తెలియడం లేదు. "తెలియడం లేదని చెప్పావు, మంచిది. పద." ఆ ‘మంచిది’ నాకు సూదిలా దిగింది. మామూలుగానే అన్నారు, నాకే అలా వినబడింది.

మధ్యాహ్నం గుడి దారిలో మట్టి గుర్రాలమ్మే చిన్న కొట్టు దగ్గర ఆగాం. పొడుగు మెడలూ, నిక్కబొడుచుకున్న చెవులూ ఉన్న ఎర్ర గుర్రాలు. దుమ్ము పోవడానికి కొట్టువాడు వాటి మీద నీళ్ళు చల్లుతున్నాడు. ఎండలో ఉన్న మట్టి కాబట్టి వాసన ఘాటుగా లేచింది. ఒక గుర్రం నాకు నచ్చి చేతిలోకి తీసుకున్నాను. నేనేమీ అడగకముందే అతను దాన్ని నా చేతిలోంచి తీసుకుని, తిప్పి, వెనక కాలు చూపించి హిందీలో అన్నాడు, "ఇది విరిగితే అతికించానమ్మా. ముందే చెబుతున్నాను. కాలు నేను చూశాను, గట్టిగా ఉంది. మెడ లోపల ఎలా ఉందో నాకు తెలియదు. కాల్చాక లోపలికి చూడలేం కదా." నేను తెలుగులో చెప్పేలోపే అంకుల్‌కి అర్థమైపోయింది. పసివాడిలా పొంగిపోయారు. "విన్నావా అమ్మాయ్! ఇతనికీ ఉంది ఆఖరి పేజీ!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఉలిక్కిపడ్డాను. ఆయన నవ్వుతూ నావైపు తిరిగారు. ఆ నవ్వు ముందు ఇంకొక్క నిమిషం కూడా నిలబడలేకపోయాను. "అంకుల్, హాలు రిపోర్టులో ఆ పేజీ నేను రాయలేదు. ఏమీ లేవని రాశాను. స్టేజి వెనక గోడ తట్టలేదు. బీరువాలున్నాయి. సందులో తడి మచ్చ కనబడింది, అయినా రాయలేదు" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఇప్పుడక్కడ టైమెంత?" అన్నారు. ఏడున్నర అంకుల్ అన్నాను. "ఫంక్షన్ రేపు కదా?" రేపు పదింటికి, కానీ ఈ రాత్రి రిహార్సల్ ఉంది. "ఎక్కడ?" స్టేజి మీద అంకుల్ అన్నాను. "ఫోన్ చెయ్యి" అన్నారు.

మోహన్ గారు ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. మూడోసారి సిగ్నల్ పోయింది. కొట్టువాడు నా మొహం చూసి చల్లడం ఆపేశాడు. రోడ్డు మధ్యకి పరుగెత్తి, ఫోన్ పైకెత్తి మళ్ళీ చేశాను. ఎత్తారు. వెనకాల పాట మోగుతోంది, చిన్న పాదాలు చెక్కస్టేజి మీద ధనధనమంటున్నాయి. నేను చెప్పడం మొదలుపెట్టేలోపే అంకుల్ ఫోన్ తీసుకున్నారు. "మోహన్, నరసింహాన్ని. పిల్లల్ని స్టేజి మీద నించి దింపి బయటికి పంపించు. తర్వాత మాట్లాడదాం, ముందు పంపించు." పాట ఆగింది. అరుపులూ, కుర్చీల చప్పుళ్ళూ, ఒక పిల్ల ఇంగ్లీషులో ‘బట్ వై?’ అని అడగడం వినబడ్డాయి. కాసేపటికి మోహన్ గారు మళ్ళీ లైన్లోకొచ్చారు, ఊపిరి ఆడ్డం లేదు. "అందరూ కార్‌పార్క్‌లో ఉన్నారంకుల్. వాట్ హ్యాపెన్డ్? సేఫ్ అని మీరే కదా రిపోర్ట్ ఇచ్చారు? రేపు టూ హండ్రెడ్ పీపుల్ వస్తున్నారు, ఇప్పుడు క్యాన్సిల్ అంటే నా పరువేం కావాలి?" అంకుల్ నెమ్మదిగా చెప్పారు, "స్టేజి వెనక గోడ మేము చూడలేదు మోహన్. చూశామని రాశాం. తప్పు మాది. మేమొచ్చి చూసేదాకా తాళం తియ్యకు." ‘మేము’ అన్నారు. ‘ఆ అమ్మాయి’ అనలేదు. అటునుంచి మోహన్ గారు అన్న మాటలు ఇక్కడ రాయను, అవి ఆయన అనదగినవే.

కొట్టు పక్కనున్న బల్ల మీద కూర్చున్నాం. నాకు ఏడుపాగలేదు. మీ పేరు చెడగొట్టాను అంకుల్, ఇన్నేళ్ళ పేరు అన్నాను. ఆయన జేబురుమాలు ఇచ్చి, "నీ పేజీ అయిపోయింది. ఇప్పుడు నాది విను" అన్నారు. నాకర్థం కాలేదు. "ఆ రిపోర్టు నేను చదవలేదమ్మా. చదవలేను. ఏడాదయింది. ఎటు చూస్తే అటు మధ్యలో మసక, అంచుల్లోనే కాస్త కనబడుతుంది. ఇక బాగవదన్నాడు డాక్టరు. చెబితే సంతకం పెట్టే పని మానేయాలి. ఆంటీకి కూడా కళ్ళజోడు మార్చాలని చెప్పాను." మరి పొద్దుటి నుంచి సరిచూస్తానని... అన్నాను. "ఏం సరిచూస్తాను, నా మొహం! నాకక్కడ ఎర్రగా ఒక గోడుందని తెలుస్తోంది, అంతే. బొమ్మలు నువ్వు చెబితే చూశాను." ఆయన మీద కోపమొచ్చింది, జాలేసింది, నా మీద నాకు అసహ్యం వేసింది, అన్నీ ఒకేసారి. చూడని గోడ మీద నేను, చదవని కాగితం మీద ఆయన, ఇద్దరం ఎంత నమ్మకంగా సంతకం పెట్టాం!

కాసేపటికి ఆయనే లేచారు. "ఇంత దూరం వచ్చాం కదా. మళ్ళీ పద, ఈసారి నిదానంగా చెప్పు" అన్నారు. మళ్ళీ ఆ గుడికే వెళ్ళాం. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఈసారి దాపరికం లేదు కాబట్టి ఏదీ వదలకుండా అడిగారు. జింక కొమ్ములకి ఎన్ని కొనలు, సిపాయి తలపాగా ఎటు ఒరిగింది, హంస ముక్కులో ఉన్నది పువ్వా చేపా. నేను తొందరపడి ఒక పలక దాటేస్తే ఎలా తెలిసేదో, "దాని పక్కన?" అనేవారు. గుడి మూసేదాకా చెబుతూనే ఉన్నాను. ఒక పక్క చెబుతున్నానే గానీ గుండె సిడ్నీలోనే ఉంది. ఆ రాత్రి అక్కడ వాన పడింది. ఆదివారం పొద్దున టూంగాబీలో ఒక పార్కులో, తడిగడ్డి మీద, మైకు పనిచేయకుండా ఫంక్షన్ జరిగిందని తెలిసింది. అందరూ క్షేమంగా ఉన్నారని విన్నాక అన్నం సహించింది.

పదిహేను రోజుల తర్వాత ఇద్దరం హాలుకి వెళ్ళాం. బీరువాలు జరిపించారు. మోహన్ గారు చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. నేను కింది వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇటుకా తట్టాను, అంకుల్ కుర్చీలో కళ్ళు మూసుకుని విన్నారు. కప్పు నుంచి నీటిగొట్టం కారి, కింద మూడు వరసల్లో సున్నం మెత్తబడింది. అంతే. రెండురోజుల మరమ్మతు. పడిపోయే గోడ కాదది. నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. "గోడ బాగానే ఉందంకుల్! అనవసరంగా హడలి చచ్చాం" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఇది మనకి ఇవాళ తెలిసింది. ఆ శనివారం తెలియదు" అన్నారు. మోహన్ గారు అప్పుడు చేతులు విప్పి, ఆయన్ని లేవదీయడానికొచ్చారు.

ఆ సాయంత్రం సరిచేసిన రిపోర్టు నా చేత రాయించారు. ఆఖరి పేజీలో రెండే వాక్యాలు. స్టేజి వెనక గోడ ఇంతకుముందు పరీక్షించలేదు, అని నా పేరు. పాత రిపోర్టు చదవకుండా సంతకం పెట్టాను, అని ఆయన పేరు. నేను వేలు పట్టి చోటు చూపిస్తే సంతకం చేశారు. అదే ఆయన ఆఖరి సంతకం. మర్నాడు ఆంటీకి చెప్పారు, తర్వాత లైసెన్సు వదులుకున్నారు. ఆ హాలు పని మళ్ళీ మాకు రాలేదు, ఇంకా కొన్ని పోయాయి. ఆయన పోయి రెండేళ్ళయింది. అతికించిన కాలున్న గుర్రాన్ని ఆ రోజు ఆయనే కొన్నారు, ఇప్పుడది నా బల్ల మీదుంది.

సంతకం పెట్టాలంటే భయం ఇప్పటికీ పోలేదు. అందుకే ఒక అలవాటు చేసుకున్నాను. ఏ గోడ ముందు నిలబడ్డా, చూపు లేని మనిషి పక్కనున్నట్టు, కనబడింది కనబడినట్టు పైకి చెప్పుకుంటూ పోతాను. పెండిల్ హిల్‌లో ఈ ఉదయం కూడా ఇంటావిడ వింతగా చూస్తున్నా ఆపలేదు. ఎడమ మూల గట్టిగా ఉంది, అంకుల్. కిటికీ కింద సన్నగా ఒక బీట, పాతది. దాని పక్కన నాలుగు వరసలు కొత్తగా కట్టినవి. దాని పక్కన ఏసీ పెట్టె, గోడకి బిగించేశారు. దాని వెనక ఎలా ఉందో తెలియడం లేదు, అంకుల్. తడి ఇటుక వాసన ఇంకా వస్తూనే ఉంది. కాగితాల్లోంచి ముందు ఆఖరి పేజీ తీసి, రాయడం మొదలుపెట్టాను.